బొడ్డుచుట్టు పదునాలుగు సూదులు

తిరువూరులో మా వీధిచివర ఒక వేపచెట్టు ఉండెడిది. 1992వ సంవత్సరము వేసవిలో ఆ చెట్టునీడను గోలీలాడుచున్న ఇద్దరు బాలురను ఒక కుక్క కరచి, పొలముల వైపు పరుగెత్తి పోయెను. ఆ ఇద్దరిలో ఒకడను నేను. రెండవవాడు మా ఎదురింటి మిత్రుడు. ఇద్దరికిని పదునొకండేసి యేండ్లు. ఆ కుక్క మరల ఎవరికిని కనబడలేదు. అది పిచ్చిదో మంచిదో తేల్చి చెప్పువారు లేకపోయిరి. మా నాయనమ్మ గాయమునకు సున్నము, కారము పెట్టబోగా మా నాన్నగారు వారించి, మమ్ములనిద్దరిని సైకిలుపై ఎక్కించుకొని ఆసుపత్రికి తీసికొని పోయిరి. ఆనాటి నుండి పదునాలుగు దినములు ప్రతి ఉదయమును మాకు బొడ్డుచుట్టు సూదులు పడినవి.

నాకేమియు కాలేదు. నా మిత్రునికి మాత్రము పండ్రెండవనాడు జ్వరము తగిలెను. మరునాటికి తలనొప్పి, నడుము బిగువు. ఆ మరునాటి తెల్లవారుజామున వాడు మంచము దిగబోయి, "అమ్మా, కాళ్లు లేవట్లేదే!" అని కేక పెట్టెను. ఆ కేక మా ఇంటివరకు వినబడినది. సాయంకాలమునకు మూత్రము బిగిసెను. వీధివారందరును కుక్కవిషము తలకెక్కినదనిరి. మొదట చూచిన వైద్యుడొకరు పిల్లవాడు సూదికి జడిసినాడని తేల్చివేసెను. చివరకు బెజవాడలో మరియొక వైద్యుడు పిల్లవానిని నిదానముగా పరీక్షించి, తల్లిని ప్రక్కకు పిలిచి, "ఇది కుక్క చేసిన పని కాదమ్మా. మేము వేసిన మందు చేసిన పని" అని ఉన్నమాట చెప్పెను. ఆ సత్యవాక్యమును ఆ తల్లి ఎన్నడును మరువలేదు. పిల్లవాడు బ్రతికెను. ఆరునెలలకు లేచి నడచెను. ఎడమకాలు మాత్రము నేటికిని కొంచెము ఈడ్చును.

ఒకే కుక్క, ఒకే మందు, సూది వేసినది ఒకే చేయి. ఒకడు నడచి ఇంటికి వచ్చెను, ఒకడు మంచము పట్టెను. ఈ ప్రశ్న నాతోపాటు పెరిగినది. పోయిన యేడు ఆ మిత్రుడు నాకు టెలిఫోను చేసెను. వాని కూతురును కుక్క కరచినదట. "ఏరా, నన్ను పడగొట్టిన సూదే నా బిడ్డకూ వేయించమంటావా?" అని అడిగినాడు. వానికి ఆనాడు రెండు మాటలలో సమాధానము చెప్పితిని. ఆ రెండు మాటల వెనుక నూటపాతికేండ్ల చరిత్ర కలదు. నేడు దానిని మీకు మనవిచేయుచున్నాను.

మన పూర్వులకు ఈ వ్యాధి తెలియనిది కాదు. సుశ్రుతసంహిత కల్పస్థానములో పిచ్చికుక్క కాటు లక్షణములును, నీటిని చూచి బెదరు రోగి దురవస్థయు వర్ణింపబడినవి. ఆ అవస్థకు జలత్రాసమని పేరు. అది పొడసూపిన పిమ్మట రోగి బ్రతుకడని ఆ గ్రంథకర్త నిర్మొగమాటముగా చెప్పినాడు. రెండువేల యేండ్ల వైద్యవిజ్ఞానము ఆ తీర్పును నేటికిని పెద్దగా మార్చలేకపోయినది. వ్యాధి బయటపడక పూర్వమే దానిని అడ్డగించు ఉపాయమొక్కటే మానవుడు కనుగొనగలిగినాడు.

ఆ ఉపాయమునకు ఆద్యుడు ఫ్రాన్సు దేశీయుడగు లూయీ పాశ్చరు. 1885 జూలై 6వ తేదీన ఆయన, పిచ్చికుక్క పెక్కుచోట్ల కరచిన జోసెఫ్ మైస్టరు అను తొమ్మిదేండ్ల బాలునికి తన మందును మొదటిసారి ఎక్కించెను. బాలుడు బ్రతికెను. ఆ మందు దేనితో తయారైనదో గమనింపవలెను. ఈ తెగులుక్రిమి నాడీమండలములో పెరుగును. అందువలన పాశ్చరు దానిని కుందేళ్ల వెన్నుపాములో పెంచి, ఆ వెన్నుపామును ఎండబెట్టి, క్రిమి బలము తగ్గించి, నూరి వాడెను. అనగా మందుతోపాటు మరియొక జంతువు నాడీధాతువు కూడ మనుష్యుని శరీరములో ప్రవేశించెను. నా మిత్రుని కాళ్లు పడిపోవుటకు బీజము అక్కడనే పడినది.

మన దేశమున మొదటి పాశ్చరు సంస్థ 1900లో కసౌలీ కొండపై వెలసెను. దక్షిణదేశస్థులకు అది కానరాని దూరము. అమెరికా ధనికుడు హెన్రీ ఫిప్స్ భారతదేశమునకు ఇచ్చిన విరాళములో కొంత భాగముతో 1907లో నీలగిరులపై కూనూరునందు రెండవ సంస్థ ఏర్పడెను. నాటి మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలకు అదియే దిక్కు.

తిరువూరు నుండి కూనూరునకు పోవుట అనిన ఏమో ఒక్కసారి ఊహింపుడు. మా ఊరికి నేటికిని రైలు లేదు. కుక్క కరచిన బిడ్డను బండిలో పరుండబెట్టుకొని సుమారు 70 కిలోమీటర్ల దూరము బెజవాడకు చేరవలెను. అక్కడ నుండి 1899లో తెరచిన రైలుమార్గమున మద్రాసుకు, మద్రాసు నుండి మేట్టుపాళయమునకు, అక్కడ పండ్లచక్రముల కొండరైలెక్కి కూనూరునకు చేరవలెను. వెళ్లిన పిమ్మట రోజుల తరబడి అక్కడనే యుండి సూదులు వేయించుకొనవలెను. కూలినాలి చేసికొను సంసారమునకు అది సాధ్యమగునా? మా ఊరికి ఉత్తరమున ఎల్ల దాటినచో నిజాము రాజ్యము. ఆ ప్రక్క పల్లెవారి పాట్లు మరియు ఎక్కువ. ఆ రోజులలో పెక్కుమంది కరచిన చోట రాగిపైసా కట్టుకొని, మంత్రము పెట్టించుకొని, దేవునిపై భారము వేసి ఇంటనే యుండిరి. వారిలో కొందరిని జలత్రాసము పొట్టన పెట్టుకొన్నది.

ఈ చిక్కును విడగొట్టినవాడు కసౌలీలో పనిచేసిన సైనికవైద్యుడు సర్ డేవిడ్ సెంపుల్. 1911లో ఆయన ఒక క్రొత్త పద్ధతిని ప్రకటించెను. తెగులు సోకించిన జంతువు మెదడును నూరి, దానికి కార్బాలిక్ ఆమ్లము చేర్చి, తగిన వెచ్చదనమున ఉంచినచో క్రిమి చచ్చును, కాని రోగనిరోధమును పుట్టించు గుణము చావదు. మన దేశమున ఇందులకు గొర్రె మెదడు వాడుకలోనికి వచ్చెను. ఈ మందు సీసాలలో నిలువ యుండును, టపాలో పంపవచ్చును, ఏ ఊరి ఆసుపత్రిలోనైనను వేయవచ్చును. రోగి మందుకొరకు కొండ ఎక్కవలసిన పని పోయి, మందే కొండ దిగి రోగి ఊరికి వచ్చెను. సెంపుల్ తన నివేదిక శీర్షికలోనే ఆ టీకాను సురక్షితమనియు, సమర్థమనియు పేర్కొనెను. సమర్థమన్నమాట చాలవరకు నిజమైనది. అది లక్షలాది జనమునకు అందినది. దానివలన బ్రతికినవారి సంతానము మన యూళ్లలో నేడెందరో కలరు. ఆమాట మరచి ఆ టీకాను నిందించుట కృతఘ్నత.

సురక్షితమన్నమాట మాత్రము సగమే నిజమైనది. పాశ్చరు కాలమునుండియు సూదులు వేయించుకొన్నవారిలో ఎవరో కొందరికి రెండుమూడు వారములలో కాళ్లు చచ్చుపడుట, మూత్రము బంధించుట, స్మృతి తప్పుట వైద్యులు చూచుచునే యుండిరి. సెంపుల్ టీకాతోను ఇది తప్పలేదు. ఆయా చోట్ల లెక్కలు వేరువేరుగా కలవు. కొన్ని వందలమందికి ఒకరని కొందరును, కొన్ని వేలమందికి ఒకరని కొందరును తేల్చిరి. 1927లో పారిసు నగరమున నానాజాతి సమితి ఆధ్వర్యమున జరిగిన అంతర్జాతీయ సభలో ఈ పక్షవాతముల విషయము పెద్ద చర్చయై, ఆపై ప్రపంచమునందలి పాశ్చరు సంస్థల లెక్కలన్నియు ఒకచోట చేర్చు పని ప్రారంభమైనది. ఆ లెక్కలను మథించినవాడు పూర్వము కసౌలీ సంస్థలో పనిచేసిన మెకెండ్రిక్. అంటువ్యాధులు వ్యాపించు తీరును గణితసూత్రములలో బంధించి, కెర్మాక్ అనువానితో కలసి 1927లోనే ప్రసిద్ధ వ్యాసమును వెలువరించినవాడు ఈయనయే. మన దేశపు కుక్కకాటు లెక్కలతో చేయి తిరిగిన వైద్యుడు ప్రపంచమునకు అంటువ్యాధుల గణితమును నేర్పెననుట మనము గుర్తుంచుకొనదగిన విషయము.

కాళ్లు పడిపోవుటకు కారణమేమి? మందులో క్రిమి పూర్తిగా చావక మిగిలినదా? క్రిమి వదలిన విషమేదైన కలదా? లేక మందులోని గొర్రె మెదడే దోషియా? చనిపోయిన వారి మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించిన వైద్యులకు అందులో పిచ్చికుక్క వ్యాధి గుర్తులు కనబడలేదు. దానికి బదులు, సన్నని రక్తనాళములచుట్టు తెల్లకణములు చీమలబారుల వలె మూగియుండెను. ఆ మూగినచోటనెల్ల నాడీతంతువులపై నుండవలసిన మైలిన్ అను పొర కరగిపోయియుండెను. విద్యుత్తు తీగకు పైతొడుగు ఎట్టిదో నాడీతంతువునకు మైలిన్ అట్టిది. తొడుగు పోయినచో తీగ యున్నను కబురు నడువదు. మెదడు నుండి బయలుదేరిన ఆజ్ఞ కాలికి చేరదు.

ఈ వివాదమును తేల్చిన ప్రయోగము న్యూయార్కులోని రాక్‌ఫెల్లరు సంస్థలో జరిగెను. థామస్ రివర్సు అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలసి ఏ తెగులును లేని ఆరోగ్యవంతమైన కుందేళ్ల మెదడును నూరి కోతులకు నెలల తరబడి మరల మరల ఎక్కించెను. అందులో పిచ్చికుక్క క్రిమి లేదు, దాని విషమును లేదు. ఐనను కోతులకు కాళ్లు చచ్చుపడెను. వాని మెదడులో అవే తెల్లకణముల మూకలు, అదే మైలిన్ వినాశము కనబడెను. 1933లోను, 1935లోను ఈ ఫలితములు ప్రకటింపబడినవి. దోషి క్రిమి కాదు. పరాయి మెదడుధాతువును చూచి రెచ్చిపోయిన శరీరము, ఆ ధాతువును పోలిన తన సొంత మెదడుపై తానే తిరుగబడినది.

శరీరములో ఎవరు తిరుగబడిరి? రక్తములోని ద్రవమా, కణములా? రోగిష్ఠి జంతువు రక్తరసమును ఆరోగ్యముగల జంతువునకు ఎక్కించినచో ఈ వ్యాధి వచ్చెడిది కాదు. 1960లో ఫిలిప్ పాటర్సన్ అనునతడు వ్యాధిగ్రస్తమైన ఎలుకల లింఫు గ్రంథులలోని కణములను వేరుచేసి మరియొక ఎలుకలకు ఎక్కించగా వ్యాధియు ఆ కణములతోపాటు బదిలీ అయ్యెను. మరుసటి సంవత్సరము జాక్స్ మిల్లర్ అను శాస్త్రజ్ఞుడు, రొమ్మెముక వెనుకనుండు థైమస్ గ్రంథి శరీరరక్షణకు మూలస్థానమని చూపెను. ఆ గ్రంథిలో శిక్షణ పొందు కణములకే తరువాత టి కణములని పేరు వచ్చినది. 1981లో ఇజ్రాయెలులోని వైజ్‌మన్ సంస్థలో బెన్నున్, వెకర్లె, కోహెన్ అను మువ్వురు, మైలిన్‌లోని ఒక్క మాంసకృత్తును మాత్రమే గుర్తుపట్టగల టి కణములను గాజుపాత్రలో పెంచి, వానిని ఎక్కించినంతమాత్రమున ఎలుకలకు ఆ పక్షవాతము వచ్చునని నిరూపించిరి. 1987లో హేమచూడుడు మొదలగు వైద్యులు తైలండులో సెంపుల్ టీకా వలన జబ్బుపడిన మనుష్యులనే పరీక్షించి, ఆ మైలిన్ మాంసకృత్తుపై వారి శరీరము పుట్టించిన ప్రతిరక్షకములను కనుగొనిరి. ప్రయోగశాలలోని ఎలుక కథయు, ఆసుపత్రిలోని రోగి కథయు ఒక్కటేనని తేలినది. మా వీధి బాలుడు మంచము పట్టుటకు ఐదేండ్ల ముందే ఆ వ్యాధి మూలము వైద్యపత్రికలలో అచ్చుపడియున్నది.

ఆ కణములు చేయు పనిని కొంచెము వివరముగా చెప్పవలెను. ఏలయన నేడు మెదడు జబ్బులలో సగము చర్చ వీనిచుట్టే తిరుగుచున్నది. మన నెత్తురులో టి కణములు ఊరి కావలివాండ్ర వలె నిరంతరము తిరుగుచుండును. ఒక్కొక్కటి ఒక్కొక్క గుర్తును మాత్రమే పోల్చగలదు. సొంత శరీరమును గుర్తుపట్టి దానిపైకి పోవు స్వభావము గలవానిని థైమస్ గ్రంథి చాలవరకు ఏరి పారవేయును. కాని కొన్ని తప్పించుకొని బయటపడును. అవి మనలో అందరిలోను కలవు, నిద్రించుచుండును. పొట్టచర్మములోనికి దినదినమును గొర్రె మెదడు ఎక్కించినప్పుడు, దగ్గరి లింఫు గ్రంథులలో ఆ మైలిన్ తునకలు వీని కంటబడును. నిద్రలోనున్నవి లేచి, వేలకొలదిగ పెరిగి, నెత్తురులో బయలుదేరును.

మెదడుకు నెత్తురునాళముల గోడలే కోటగోడ. మామూలు కణములకు అందులో ప్రవేశము దుర్లభము. పీటర్ మెదవార్ 1948లో పరాయి చర్మపు తునకను మెదడులో నాటినచో శరీరము దానిని చప్పున పసిగట్టదని చూపినప్పటినుండి, మెదడు రక్షకకణముల కంటబడని ఏకాంతమందిరమని శాస్త్రజ్ఞులు చాలకాలము తలచిరి. అది పూర్తిగా నిజము కాదు. మెదడు పైపొరలలో లింఫు నాళములు కలవని 2015లో రెండు పరిశోధకబృందములు ఎలుకలలో స్పష్టముగా చూపెను. మేలుకొన్న టి కణము నాళపు గోడకు అంటుకొని, సందుచేసికొని, ఆవల కాలు పెట్టును. అక్కడ దానికి తాను వెదకుచున్న మైలిన్ గుర్తు మరల కనబడినచో రసాయనముల రూపమున కేకపెట్టును. ఆ కేకకు నెత్తురులోని పెద్ద తెల్లకణములు గుంపులుగా వచ్చి, మైలిన్ పొరను ఒలిచి మ్రింగును. ఆ చోటు ఉబ్బి వాచును. మనము శోథమనునది, మెదడువాపనునది ఇదియే.

మెదడులో పుట్టుకతోనే కాపురముండు రక్షకులు కూడ కలరు. స్పెయిను దేశీయుడగు పీయో దెల్ రీయో ఓర్తేగా 1919లో వీనిని వేరుగా గుర్తించి మైక్రోగ్లియా అని పేరు పెట్టెను. ఇవి పిండము మిక్కిలి చిన్నదిగా నున్న దశలోనే మెదడు చేరి స్థిరపడునని 2010లో ఎలుకలపై జరిగిన పరిశోధన తెలిపెను. చచ్చిన కణములను ఊడ్చుట, తెగిన పొరలకు మరమ్మతు సాగునట్లు చెత్త తొలగించుట వీని నిత్యకృత్యము. ఐతే బయటినుండి మూక వచ్చి అల్లరి లేపినప్పుడు ఇవియు రెచ్చిపోయి, కాపాడవలసిన ఇంటినే పాడుచేయుటకు సాయపడును. అల్లరి అణగిన పిమ్మట మరల ఇవియే శుభ్రము చేయును. నా మిత్రుడు ఆరునెలలకు లేచి నడచెననిన, వాని మైలిన్ కొంతవరకు మరల పొర కట్టుకొన్నదని అర్థము. వాపును అణచుటకు ఆనాడు వైద్యుడు స్టెరాయిడు మందు వేసెను. అది ఈ తిరుగుబాటును చల్లార్చు మందు.

ఇచ్చట ఒక విచిత్రము కలదు. నిజముగా పిచ్చికుక్క వ్యాధి సోకినప్పుడు ఏమగును? క్రిమి కాటుచోటి నుండి నాడులలోనే ప్రాకుచు మెదడు చేరును. ఆ దారిలో అది రక్షకకణముల కంట దాదాపు పడదు. మెదడు చేరిన పిమ్మటయు కోటతలుపు మూసియే యుండును. రావలసిన కావలివారు వేళకు రారు. అందుచేతనే ఆ వ్యాధి అంత దారుణము. మందు వికటించినప్పుడో, రాకూడని కావలివారు వచ్చి కోటను కొల్లగొందురు. ఒకచోట రాకపోవుట మృత్యువు, మరియొకచోట వచ్చుట పక్షవాతము. రక్షకకణములు మంచివియా చెడ్డవియా అను ప్రశ్నకు అర్థము లేదు. ఎప్పుడు వచ్చినవి, ఎవరిని శత్రువనుకొన్నవి అనునదే ప్రశ్న.

మన యూళ్లలో జ్వరముతో స్మృతితప్పిన పిల్లవానిని చూచి మెదడువాపు అందుము. ఆ ఒక్క పేరుక్రింద వేరువేరు యుద్ధములు కలవు. 1955లో వేలూరు ఆసుపత్రిలో గుర్తింపబడిన జపాను మెదడువాపు దోమకాటుతో వచ్చు క్రిమి వలన కలుగును. అది తరువాత మన కర్నూలు మొదలగు జిల్లాలలో పలుమారులు తల యెత్తెను. 2003 వేసవి చివర ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 329 మంది పిల్లలకు మెదడువాపు సోకి 183 మంది చనిపోయినప్పుడు, చాందీపురా అను క్రిమి అందుకు కారణమని పరిశోధకులు తేల్చిరి. ఇట్టి వానిలో రక్షకకణములు నిజమైన శత్రువుతో పోరుటకు వచ్చును. సెంపుల్ టీకా వాపులో శత్రువు లేడు. పైకి రెండును ఒకటిగానే కనబడును, చికిత్స మాత్రము వేరు.

ఇంత తెలిసిన పిమ్మట గొర్రె మెదడు మందును ఏల మానలేదని మీరడుగవచ్చును. మానుటకు ప్రయత్నములు ఆరంభమై చాలకాలమైనది. చిలీ దేశమున 1955లో ఫ్వెన్సాలీదా అనునతడు, మైలిన్ ఇంకను ఏర్పడని అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల మెదడుతో టీకా చేసెను. పిమ్మట మెదడుతో పనియే లేకుండ, గాజుపాత్రలలో పెంచిన కణములపై క్రిమిని పెంచు పద్ధతి వచ్చినది. ఇరానులో పిచ్చి తోడేళ్లును, కుక్కలును కరచిన 45 మందికి అట్టి టీకాను వేయగా అందరును బ్రతికిరని 1976లో ప్రకటించిరి. 1980ల నుండి కణములపై పెంచిన టీకాలు మన బజారులోను దొరకెను. కాని ఖరీదు ఎక్కువ. కలవారు మందులకొట్టులో కొని భుజమునకు వేయించుకొనిరి. లేనివారు ఉచితముగా దొరకు గొర్రె మెదడు మందును బొడ్డుచుట్టు వేయించుకొనిరి. ఒకే దేశమున, ఒకే కాటునకు, రెండు మందులు ఇరువదేండ్లు నడచినవి. 1992లో ఆ రెండవ మందు ఒకటి కలదని మా రెండు ఇండ్లవారికిని తెలియదు. తెలిసినను ఆ ఎదురింటివారు కొనగలిగెడివారు కారు.

2004 చివర మన దేశములో ఈ నాడీధాతువు టీకా తయారీ నిలిచిపోయెను. అదే సంవత్సరము నవంబరులో అమెరికాలో నటాలిజుమాబ్ అను మందుకు అనుమతి లభించెను. ఆశ్చర్యమేమనగా, ఈ రెండును ఒకే కథకు రెండు చివరలు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అను జబ్బులో, టీకాలు లేకుండగనే, రక్షకకణములు ఏండ్ల తరబడి మైలిన్‌ను తినివేయును. టి కణము నాళపు గోడకు అంటుకొను కొక్కెమును పట్టివేసినచో ఎలుకలకు పక్షవాతము రాదని 1992లో తేలెను. ఆ ఎలుకల పక్షవాతము మన సెంపుల్ టీకా పక్షవాతమునకు ప్రయోగశాలలోని ప్రతిబింబమే. దాని ఆధారముననే ఆ మందు పుట్టినది. తరువాతి కథ ఇంకను బోధకరము. ఆ మందు వాడిన కొందరిలో, కావలివారు లోపలికి రాలేకపోవుటచేత, మామూలుగా అణగియుండు ఒక క్రిమి మెదడులో విజృంభించెను. 2005లో మందును వెనుకకు తీసికొని, కట్టుదిట్టములతో 2006లో మరల అనుమతించిరి. కావలివాండ్రను తరిమినను కష్టమే, విచ్చలవిడిగా వదలినను కష్టమే.

మరి వానికి వచ్చినది నాకు ఏల రాలేదు? మనలో ప్రతి ఒక్కరి కణములు వంశపారంపర్యముగా వచ్చిన ఒక అమరికతో లోకమును చూచును. ఆ అమరికను బట్టి కొందరిలో మైలిన్ తునక టి కణమునకు బాగుగా కనబడును, కొందరిలో కనబడదు. నిద్రించు తిరుగుబాటుదార్లు కొందరిలో ఎక్కువ, వానిని అదుపుచేయు మరియొక జాతి టి కణములు కొందరిలో తక్కువ. అంతకుమించి నా గొప్పతనము గాని, వాని దోషము గాని ఇందులో ఏమియు లేదు. వాడు జడిసినందున పడిపోలేదు. ఆ మాట అనిపించుకొన్న బాధ కాలినొప్పికంటె ఎక్కువకాలము వానిని వెన్నాడినది.

కనుక నా మిత్రునికి టెలిఫోనులో చెప్పిన రెండు మాటలు ఇవి: "ఇది ఆ సూది కాదురా. వెంటనే వేయించు." నేటి టీకాలలో గొర్రె మెదడు లేదు. భుజమున నాలుగైదు మోతాదులు వేయుదురు. కొంచెము మందుతోనే సరిపోవునట్లు చర్మపు పొరలో వేయు పద్ధతిని 2006లో మన దేశము అంగీకరించిన పిమ్మట పేదలకు అందుట మరియు సులభమైనది. మీ యింట ఎవరినైనను కుక్క కరచినచో సున్నము, కారము పెట్టకుడు. గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడుగుడు. ఆలస్యము చేయక ఆసుపత్రికి పొండు. నెత్తురు వచ్చిన గాయమునకు టీకాతోపాటు గాయములోనే వేయు మరియొక మందు కావలసియుండును. దానిని అడిగి వేయించుకొనుడు. మొదటి రెండు మోతాదులతో నయమైనదని మానకుడు.

ఆ బిడ్డకు మొదటి సూది ఆ సాయంకాలమే పడినది. తండ్రి కూర్చుండక ప్రక్కనే నిలుచుండి చూచినాడట. నెల గడచిన పిమ్మట నేను తిరువూరు పోయినప్పుడు ఆ పిల్ల వీధిలో పరుగెత్తుచుండెను. మా వేపచెట్టు ఇప్పుడు లేదు. నా మిత్రుడు గడపలో కూర్చుండి, ఎడమకాలు చాచుకొని, పిల్ల పరుగును చూచుచుండెను. ఇద్దరమును చాలసేపు ఏమియు మాటలాడుకొనలేదు.